జ్వరమూ దైవనిర్ణయమే, జాగ్రత్తా దైవనిర్ణయమే

స్తుతి స్తోత్రాలన్నీ మనల్ని పుట్టించి, పోషించి, రోగం వచ్చినప్పుడు నయం చేసే అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతీ శుభాలూ కురియుగాక!



వానలు పడి కొల్లేరు నిండే రోజుల్లోనూ, సంక్రాంతికి ముందూ వెనుకా మంచు కురిసే రోజుల్లోనూ మన ప్రాంతంలో పిల్లల డాక్టర్ల దగ్గర కూర్చోవడానికి చోటుండదు. ఏలూరైనా, తాడేపల్లిగూడెమైనా, కైకలూరు, ఆకివీడు వైపు లంక గ్రామాలైనా ఇదే పరిస్థితి. అంగన్‌వాడీ నుంచో, మక్తబ్ నుంచో ఒక పిల్లవాడు ముక్కు కారుతూ ఇంటికి వస్తాడు. రెండో రోజుకు చెల్లెలికి జ్వరం. మూడో రోజుకు తల్లికి ఒళ్లు నొప్పులు. వారం తిరిగేలోగా దాదీమా దగ్గుతో మంచం పడుతుంది. ఇక ఒళ్లో ఆరు నెలల పసికందు ఉంటే ఆ ఇంటి వారి దిగులు చెప్పనలవి కాదు.

ఇలాంటి సమయంలో మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మొదటిది: “అంతా అల్లాహ్ రాసిందే. వచ్చేది రాక మానదు. జాగ్రత్తలు పడితే ఆగుతుందా?” రెండవది: “నీ వల్లే వచ్చింది. నువ్వు చల్లనీళ్లలో పనిచేశావు, పిల్లను బయటికి తిప్పావు, ఎవరి దిష్టో తగిలించావు” అని ఇంటి ఇల్లాలిని నిందించడం. మొదటి మాట దైవభక్తిలా వినిపిస్తుంది. రెండవది ప్రేమలా వినిపిస్తుంది. నిజానికి ఈ రెండూ దైవప్రవక్త (సఅసం) నేర్పిన మార్గానికి దూరమైనవే. ఎలాగో చూద్దాం.

జ్వరాన్ని తిట్టవద్దు, మనిషినీ తిట్టవద్దు

దైవప్రవక్త (సఅసం) ఒకసారి ఉమ్మె సాయిబ్ (రజి) అనే సహాబియాను చూడటానికి వెళ్లారు. ఆమె చలిజ్వరంతో వణికిపోతున్నారు. ఏమైందని ఆయన అడిగితే, జ్వరమని చెప్పి, దాన్ని శపించారామె. అప్పుడు ప్రవక్త (సఅసం) జ్వరాన్ని తిట్టవద్దని వారించారు. కొలిమి ఇనుములోని మలినాన్ని తొలగించినట్టు జ్వరం ఆదం సంతతి పాపాలను తొలగిస్తుందని ఆమెకు తెలియజేశారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

గమనించండి! జ్వరాన్నే తిట్టవద్దన్నప్పుడు, జ్వరంతో ఉన్న పిల్లకు రాత్రంతా తడిగుడ్డ వేస్తూ మేల్కొని ఉన్న తల్లిని తిట్టడం ఎంత అన్యాయం! పసిపిల్లలకు పాపాలు లేవు. వారి జ్వరం ఎవరి తప్పుకో శిక్ష అని తీర్మానించే అధికారం మనకు లేదు. విశ్వాసికి కలిగే అలసట, దిగులు, చివరికి కాలికి గుచ్చుకునే ముల్లు కూడా అతని పాపాలకు పరిహారమవుతుందని హదీసు చెబుతోంది. బిడ్డ పక్కన నిద్రలేకుండా గడిపిన ప్రతి రాత్రీ, సహనం వహిస్తే, ఆ తల్లిదండ్రుల ఖాతాలో పుణ్యంగా జమ అవుతుంది.

‘అంటు లేదు’ అన్న మాటకు అర్థమేమిటి?

కొందరు సోదరులు ఒక హదీసును చూపి, అంటువ్యాధి అనేదే లేదని ప్రవక్త (సఅసం) చెప్పారు కదా, మరి ఈ మాస్కులూ దూరాలూ ఎందుకని అడుగుతుంటారు. ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలుసుకోవాలి.

అజ్ఞానకాలపు అరబ్బులు రోగం తనంతట తానే, దైవంతో నిమిత్తం లేకుండా, ఒకరి మీద నుంచి మరొకరి మీదికి దూకుతుందని నమ్మేవారు. పక్షి ఎగిరిన దిక్కును బట్టి శకునం చూసేవారు. సఫర్ నెల అశుభమనుకునేవారు. ప్రవక్త (సఅసం) ఈ మూఢనమ్మకాలన్నిటినీ కలిపి ఖండించారు. అప్పుడు ఒక పల్లెవాసి లేచి, ఇసుకలో లేళ్లలా తిరుగుతున్న తన ఒంటెల మందలోకి ఒక గజ్జి ఒంటె చేరితే అన్నిటికీ గజ్జి పడుతోంది, దీని సంగతేమిటని అడిగాడు. మరి మొట్టమొదటి ఒంటెకు ఎవరు అంటించారని ప్రవక్త (సఅసం) తిరిగి ప్రశ్నించారు. అంటే, కారణాల వెనుక ఉన్న అసలు కర్తను మరువవద్దని బోధించారన్నమాట.

అయితే కారణాలను వదిలేయమని ఆయన చెప్పారా? లేదు! జబ్బుపడిన ఒంటెల యజమాని వాటిని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి తోలుకు రాకూడదని ఆదేశించింది కూడా ఆయనే. సింహాన్ని చూసి పారిపోయినట్టు కుష్ఠురోగి నుంచి దూరంగా ఉండమని చెప్పింది కూడా ఆయనే. ఈ హదీసులను కలిపి చదివిన పండితులు ఇలా వివరించారు: రోగానికి స్వతంత్ర శక్తి ఏదీ లేదు, కాని అల్లాహ్ తన సృష్టిలో రోగం వ్యాపించడానికి కొన్ని మార్గాలు పెట్టాడు. ఆ మార్గాలను మూయడం విశ్వాసానికి విరుద్ధం కాదు, విశ్వాసంలో భాగమే. నిప్పు కాల్చేది అల్లాహ్ ఆజ్ఞతోనే. అలాగని పసిబిడ్డను పొయ్యి దగ్గర ఎవరూ కూర్చోబెట్టరు కదా!

నేడు మనకు తెలిసిందేమిటంటే, ఫ్లూ, జలుబు కలిగించే వైరస్‌లు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే తుంపర్ల ద్వారా, ఆ తుంపర్లు అంటిన చేతుల ద్వారా వ్యాపిస్తాయి. ఫ్లూ సోకిన పెద్దవారు లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే, ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల దాకా ఇతరులకు దాన్ని అంటించగలరు. చిన్నపిల్లల నుంచి అంతకన్నా ఎక్కువ రోజులు వ్యాపించవచ్చు. అల్లాహ్ ఏర్పరచిన మార్గం ఇదని తెలిశాక, ఆ మార్గానికి అడ్డుకట్ట వేయడం మన బాధ్యత.

హజ్రత్ ఉమర్ (రజి) తీసుకున్న నిర్ణయం

హిజ్రీ 18వ సంవత్సరం ప్రాంతంలో, అంటే క్రీ.శ. 639 నాటికి, సిరియా ప్రాంతంలో అమ్వాస్ ప్లేగు చెలరేగింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అప్పుడు సిరియాకు ప్రయాణంలో ఉన్నారు. సర్గ్ అనే చోట సేనానులు ఎదురొచ్చి ఈ వార్త చెప్పారు. ఆయన ముందు ముహాజిర్లను సంప్రదించారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. తర్వాత అన్సార్లను సంప్రదించారు. వారిలోనూ అదే. చివరికి ఖురైషు పెద్దలను పిలిస్తే వారంతా ఒకే మాటగా, జనాన్ని ఆ మహమ్మారి ముందుకు తీసుకుపోవద్దన్నారు. ఉమర్ (రజి) తిరుగు ప్రయాణం ప్రకటించారు.

సిరియా సైన్యాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి)కి ఇది నచ్చలేదు. దైవనిర్ణయం నుంచి పారిపోతారా అని అడిగారు. ఉమర్ (రజి) ఆయనకిచ్చిన జవాబు ప్రతి ముస్లిం ఇంట్లో గుర్తుండిపోవాలి. అవును, ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామన్నారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు ఎండినేల ఉంటే, నీ ఒంటెలను పచ్చికలో మేపినా దైవనిర్ణయంతోనే, ఎండినేల మీద మేపినా దైవనిర్ణయంతోనే కదా అని వివరించారు. ఇంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, మహమ్మారి ఉన్న ప్రదేశానికి వెళ్లవద్దని, తామున్న చోటే అది వస్తే భయపడి అక్కణ్ణుంచి పారిపోవద్దని ప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానన్నారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

అబూ ఉబైదా (రజి) ఆ ప్లేగులోనే తనువు చాలించారు. ఆయన స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. కాబట్టి రోగం రావడం దైవాగ్రహానికి గుర్తు అని ఎవరూ అనలేరు. రోగం రాకుండా జాగ్రత్త పడటం భక్తిలో లోపం అని కూడా ఎవరూ అనలేరు. ఒంటెను కట్టి, ఆ తర్వాతే అల్లాహ్ మీద భారం వేయమని నేర్పిన మతం మనది.

మస్జిద్‌కు వెళ్లడం, వెళ్లకపోవడం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు పేరు పొందిన ఊరు. ఆ ఊరి వారికి ఈ హదీసు మరింత బాగా అర్థమవుతుంది: పచ్చి ఉల్లిగాని, వెల్లుల్లిగాని తిన్నవారు మస్జిద్‌కు దూరంగా ఉండాలని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఉల్లి హలాల్ ఆహారమే. కాని దాని వాసన పక్కన నిలబడ్డవారిని ఇబ్బంది పెడుతుంది. కేవలం వాసన విషయంలోనే తోటి నమాజీని ఇంతగా పట్టించుకోమంటే, వొళ్లు కాలిపోయే జ్వరంతో, ఆగని దగ్గుతో వచ్చి భుజానికి భుజం కలిపి నిలబడటం గురించి ఏమనాలి?

జుమా నమాజు నుంచి రోగికి మినహాయింపు ఉంది. వాన కురిసే రాత్రి ఇళ్లలోనే నమాజు చేసుకోమని అజాన్‌లో ప్రకటించిన సంప్రదాయం ఉంది. మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాలకు ఎంత పుణ్యం లభించేదో, జబ్బుపడి చేయలేనప్పుడు కూడా అంతే రాయబడుతుందని సహీహ్ బుఖారీలోని హదీసు శుభవార్త ఇస్తోంది. కాబట్టి జ్వరం తగ్గేదాకా ఇంట్లో నమాజు చేసుకున్నవాడు ఏమీ పోగొట్టుకోడు. 2020 మార్చి నెలాఖరు నుంచి మన మస్జిద్‌లలో సామూహిక నమాజులు నిలిచిపోయాయి. ఆ ఏడు రమజాన్ తరావీహ్‌లు ఇళ్లలోనే చేసుకున్నాం. ఆ రోజుల్లో నేర్చుకున్న పాఠాన్ని మామూలు జ్వరాల కాలంలో మరచిపోకూడదు.

ఇదే మాట మక్తబ్ విషయంలోనూ వర్తిస్తుంది. పిల్లలు ఒకరినొకరు ఆనుకుని ఒకే రేహల్ మీద ఖాయిదా చదువుతారు. జ్వరంతో వచ్చిన పిల్లవాణ్ణి ఉస్తాద్ మందలించకుండా, ప్రేమగా ఇంటికి పంపడమే మిగతా పిల్లల పట్ల న్యాయం.

ఇంట్లో పసిబిడ్డలు మన అమానత్

మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, ప్రతి ఒక్కరూ తమ మంద గురించి ప్రశ్నించబడతారని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. జ్వరాల కాలంలో కాపరి బాధ్యత ఇంట్లోనే మొదలవుతుంది.

తుమ్ము వచ్చినప్పుడు ప్రవక్త (సఅసం) చేతితోనో, వస్త్రంతోనో ముఖాన్ని కప్పుకుని, శబ్దాన్ని తగ్గించుకునేవారు. తాగే పాత్రలోకి ఊపిరి వదలడాన్ని వారించారు. నిద్రలేవగానే చేతులు కడుక్కోకుండా నీటి పాత్రలో ముంచవద్దన్నారు. రాత్రివేళ పాత్రలపై మూత పెట్టమన్నారు. ఈ నాలుగు అలవాట్లూ మన పిల్లలకు దుఆలతో పాటు నేర్పవలసినవి. అయిదుపూటలా వుజూ చేసే ఇంట్లో శుభ్రత సులువే. అయితే దగ్గినా, ముక్కు చీదినా, పిల్లకు శుభ్రం చేసినా వట్టి నీళ్లతో సరిపెట్టకుండా సబ్బుతో ఇరవై సెకన్లపాటు చేతులు రుద్ది కడగాలి. వుజూ తర్వాత అందరూ ఒకే తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం, ఒకే గ్లాసుతో తాగడం ఈ రోజుల్లో మానుకోవాలి.

తనకు పదిమంది పిల్లలున్నా ఎవరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ చెప్పినప్పుడు, కరుణ చూపనివాడు కరుణకు నోచుకోడని ప్రవక్త (సఅసం) అన్నారు. బిడ్డను ముద్దాడటం కరుణే, సున్నతే. కాని జలుబుతో ఉన్నప్పుడు పసికందును ముద్దాడకుండా ఆగడం కూడా కరుణే. అఖీఖాకు వచ్చిన బంధువు ముక్కు తుడుచుకుంటూ బిడ్డను ఎత్తుకోబోతే, తల్లి మొహమాటపడకుండా తర్వాత ఎత్తుకుందురు అని చెప్పగలగాలి. ఆ బంధువు కూడా నొచ్చుకోకూడదు.

తల్లికే జ్వరం వస్తే పాలివ్వడం మాన్పించనక్కరలేదు. ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకుని, చేతులు కడుక్కుని పాలివ్వచ్చు. ఆ పాలలోనే బిడ్డకు రక్షణ ఉంది. అయితే ఆమెకు విశ్రాంతి ఎవరిస్తారు? సోదరులారా, ఇది మనల్ని అడుగుతున్న ప్రశ్న. ప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ అయితే నమాజుకు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. జ్వరంతో ఉన్న భార్య వంట చేస్తుంటే, పిల్లలు ఏడుస్తుంటే, భర్త టీ కొట్టు దగ్గర కబుర్లలో ఉండటం ఆ సున్నత్‌కు ఎంత దూరం!

వైద్యం చేయించండి, తెలిసినవారి దగ్గరే

వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగితే, చేయించుకోండి, వృద్ధాప్యం తప్ప మందు లేని రోగాన్ని అల్లాహ్ దించలేదని ప్రవక్త (సఅసం) జవాబిచ్చారు. అంతేకాదు, వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని కూడా ఆయన ప్రకటించారు. కొల్లేరు లంకల్లో రాత్రిపూట దగ్గర్లో డాక్టరు దొరక్క, తెలిసినాయనతో సూది వేయించుకోవడం మామూలైపోయింది. జ్వరం రాగానే యాంటీబయాటిక్ మాత్రలు మింగడం కూడా అలాంటిదే. అవి వైరస్‌ల మీద పనిచేయవు. 2023 మార్చిలో ఫ్లూ జ్వరాలు దేశమంతా పెరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఇదే హెచ్చరిక చేసింది. జ్వరం సుమారు మూడు రోజుల్లో తగ్గుతుందని, దగ్గు మూడు వారాల దాకా ఉండవచ్చని, ఊరికే యాంటీబయాటిక్స్ వాడవద్దని తెలిపింది.

దగ్గు సిరప్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో విషపదార్థం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు మరణించారు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అవి అక్కరలేదని సూచించింది. జ్వరానికి పారాసిటమాల్‌ను బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పినంతే ఇవ్వాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని ఖుర్ఆన్ తెలియజేస్తోంది. ఏడాది నిండిన పిల్లలకు దగ్గు ఉన్నప్పుడు చెంచాడు తేనె ఉపశమనం ఇస్తుంది. కాని ఏడాదిలోపు శిశువుకు తేనె నాకించకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి వారి లేత పేగుల్లో ప్రాణాంతక విషాన్ని పుట్టించగలదు. స్వస్థత ఉన్న వస్తువును తగిన వయసులో, తగిన మోతాదులో వాడటమే దానికి మనం ఇచ్చే గౌరవం.

ఇక మెడలో తాయెత్తు కట్టి ఇంట్లో కూర్చోవడం! తాయెత్తుల మీద నమ్మకం పెట్టుకోవడాన్ని ప్రవక్త (సఅసం) షిర్క్‌గా హెచ్చరించారు. ఆయన రోగి మీద కుడిచేయి ఉంచి, మానవుల ప్రభువైన అల్లాహ్‌ను బాధ తొలగించమని, సంపూర్ణ స్వస్థత ఇమ్మని వేడుకునేవారు. మనమూ బిడ్డ నుదుటిపై చేయి ఉంచి అలా దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం.

ఈ గుర్తులు కనబడితే తెల్లారేదాకా ఆగవద్దు: బిడ్డ పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, పిలిచినా పలకకుండా మత్తుగా ఉండటం, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు శిశువుకు 60, ఏడాదిలోపు వారికి 50, ఏడాది నుంచి అయిదేళ్ల వారికి 40 లేదా అంతకు మించితే అది ప్రమాద సూచన. రెండు మూడు నెలలలోపు శిశువుకు జ్వరమొస్తే ఏ గుర్తులూ లేకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. దగ్గూ జలుబూ లేని తీవ్ర జ్వరమైతే డెంగీ, మలేరియా కావచ్చు. కాలువలూ చెరువులూ దోమలూ ఉన్న మన నేలలో రక్తపరీక్ష చేయించడమే మంచిది. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ నీళ్లు, డాక్టరు చెప్పిన జింకు ఇవ్వాలి. పిల్లల్లో విరేచనాలు కలిగించే రోటావైరస్‌కు 2016 నుంచి మన రాష్ట్రంలో ఉచితంగా చుక్కల మందు వేస్తున్నారు. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయించమని పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. స్తోమత ఉన్నవారు దీని గురించి డాక్టరును అడగాలి.

పుకార్లను అంటించవద్దు

రోగంకన్నా వేగంగా వ్యాపించేది పుకారు. 2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరు వన్ టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా, వారిలో పిల్లలు కూడా, ఆస్పత్రుల్లో చేరారు. కొత్త వైరస్సేమో, అంటుకుంటుందేమో అని అందరూ వణికిపోయారు. పరీక్షల్లో అది వైరస్ కాదని తేలింది. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల వైపు కూడా పరిశోధకుల వేలు చూపింది. ఎవరైనా వార్త తెస్తే నిర్ధారించుకోండని ఖుర్ఆన్ (హుజురాత్ సూరా) ఆదేశిస్తోంది. ఫోన్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ ముందుకు పంపడం, ఫలానా వారి వల్లే రోగం వచ్చిందని చాటడం ఆ ఆదేశాన్ని ఉల్లంఘించడమే.

పొరుగువారి పొయ్యి వెలుగుతోందా?

రోగిని పరామర్శించడం ముస్లింకు ముస్లింపై ఉన్న హక్కు. అంటుకునే జ్వరమైతే గుమ్మం దగ్గర నిలబడి పలకరించినా, ఫోన్ చేసి దుఆ ఇచ్చినా ఆ హక్కు తీరుతుంది. కాని అంతకన్నా పెద్ద హక్కు మరొకటి ఉంది. చేపల చెరువుల్లో వలలాగే కూలీని, తెల్లవారుజామున ఐసు పెట్టెలు నింపే కార్మికుణ్ణి, మార్కెట్టులో ఉల్లి బస్తాలు మోసే హమాలీని, తివాచీ మగ్గం మీద కూర్చునే ఏలూరు చేనేత కార్మికుణ్ణి, జ్వరం వచ్చింది కదా నాలుగు రోజులు ఇంట్లో ఉండు అని చెప్పడం సులువు. కూలి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే అతడు మాత్ర మింగి పనికి వెళతాడు, తనతో పాటు రోగాన్నీ మోసుకెళతాడు.

అతనికి జాగ్రత్తలు బోధించే ముందు ఆ నాలుగు రోజుల బియ్యం, పాలు, మందుల సంగతి మనం చూడాలి. మస్జిద్ కమిటీలు బైతుల్‌మాల్ నుంచి ఇలాంటి వారికి కొంత కేటాయిస్తే అది ఎంతో మంచి సదఖా. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడని ప్రవక్త (సఅసం) చెప్పినప్పుడు, ఆ పొరుగువాడు ముస్లిం అయి ఉండాలని షరతు పెట్టలేదు. కాబట్టి గోడకు అవతల ఉన్న ఇల్లు ఎవరిదైనా, అక్కడ తల్లీ పిల్లలు జ్వరంతో ఉన్నారని తెలిస్తే ఒక గిన్నెడు గంజి, ఒక ఓఆర్‌ఎస్ పొట్లం పంపడం మన దీన్‌లో భాగమే. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని బోధించే గ్రంథం మన ఇళ్లలో ఉంది. ఆ బోధ మన వీధుల్లో కూడా కనిపించాలి.

సోదర సోదరీమణులారా! జ్వరం వస్తే సహనం వహిద్దాం, రాకముందు జాగ్రత్త పడదాం, వచ్చాక ఇతరులకు అంటకుండా చూద్దాం. ఈ మూడూ ఆరాధనలే.

ఓ అల్లాహ్! మా పిల్లలకు ఆరోగ్యాన్ని ప్రసాదించు. రోగులకు సంపూర్ణ స్వస్థత ఇవ్వు. బిడ్డల మంచాల పక్కన మేల్కొని ఉన్న తల్లుల అలసటను స్వీకరించు. మా వల్ల ఎవరికీ హాని కలగకుండా కాపాడు. మా చేతులను పొరుగువారికి ఆసరాగా మలచు. ఆమీన్!